సైకిలు: గృహమరమ్మతు, మెరుగుదల (పెదపాడు – కొల్లేటి సీమ)

సైకిలును దుకాణమునకు గొనిపోక, దాని యజమాని తన యింటి యరుగుమీదనో పెరటి వేపచెట్టు నీడనో స్వయముగా విప్పి, కడిగి, అరిగిన భాగములను మార్చి, తాను చేయు పనికి అనువగునట్లు బలపరచుకొను విధానమును గృహమరమ్మతు అందురు. ఈ విద్యకు గ్రంథములు తక్కువ. అన్న చేతినుండి తమ్మునికి, తండ్రి చేతినుండి కొడుకునకు, దుకాణములో పనినేర్చిన కుఱ్ఱవానినుండి ఇరుగుపొరుగు వారికి ఇది సంక్రమించుచు వచ్చినది. ఏలూరు జిల్లాలోని పెదపాడు మండలమును, దానికి తూర్పువైపున నున్న ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములను, కొల్లేటి లంకలను ముఖ్యముగా దృష్టియందుంచుకొని ఈ వ్యాసము వ్రాయబడినది. ఈ సీమలో సైకిలనగా ఇప్పటికిని పెద్దలకు స్ఫురించునది 28 అంగుళముల చక్రములు, కడ్డీబ్రేకులు, వెనుక ఇనుప క్యారియరు, రెండు కాళ్ల స్టాండు గల నల్లని బండియే గనుక ఇందలి కొలతలు ప్రధానముగా దానికి సంబంధించినవి.

నేల, నీరు

ఏ యంత్రమునకైనను వ్యాధులు అది తిరుగు నేలనుబట్టి యుండును. పెదపాడు మండలమునందు కలపర్రు, అప్పనవీడు గ్రామములమీదుగా జాతీయ రహదారియు, వట్లూరుమీదుగా రైలుమార్గమును పోవుచుండగా, దక్షిణమునకు సాగినకొలది భూమి పల్లమై, వరిచేలతోను చేపల చెరువులతోను నిండి కొల్లేటి వైపునకు దిగజారును. 2022 ఏప్రిల్ 4వ తేదీవరకు ఈ మండలము పశ్చిమ గోదావరి జిల్లాలో నుండెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట త్రవ్విన కాలువల గట్లే చిరకాలము ఈ పల్లెలకు బాటలైనవి. గట్టు దిగినచో పుంత. పుంత దిగినచో చేను. కారులు పోలేని యీ త్రోవలలో సైకిలు పోగలదు. పోలేనిచోట దానిని భుజమున వేసికొని మనిషి పోగలడు.

ఇచ్చటి నల్లరేగడి వర్షాకాలమున బంకయై చక్రమునకు అంటుకొని, మడ్గార్డుకును టైరుకును నడుమనున్న సందున గట్టిపడి, తుదకు చక్రమును తిరుగనీయక నిలిపివేయును. వేసవిలో అదే నేల నెఱ్ఱెలు విచ్చి, ఇనుప పెళ్లలవంటి గడ్డలతో చక్రపు చువ్వలను అదరగొట్టును. గట్లవెంబడి పెరుగు తుమ్మల ముండ్లు ట్యూబులకు నిత్యశత్రువులు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మంచినీటి సరస్సుగా ప్రసిద్ధికెక్కి, 2002లో రామ్సర్ ఒడంబడిక జాబితా కెక్కిన కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగుల నీటిని తనలో కలుపుకొని ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పంపుచుండును. వరద వచ్చినప్పుడు నీరు ఇండ్లలోనికి వచ్చును. వేసవిలో ఉప్పుటేటివెంట సముద్రపు ఉప్పదనము ఎగువకు ప్రాకును. బంకమన్ను, ముల్లు, ముంపు, ఉప్పు అను నీ నాలుగును ఈ సీమ సైకిలుకు కలుగు చేటులలో అధికభాగమునకు మూలములు.

వాహనమును ఇంట బాగుచేసికొను అలవాటు ఈ ప్రాంతమునకు సైకిలుతో వచ్చినది కాదు. కొల్లేటివారు తాటిమ్రాను మొదలు తొలిచి దోనెలు చేసికొని, రెండు దోనెలను ప్రక్కప్రక్కన కట్టి సంగడిగా నడుపుకొనుచు, వాని పగుళ్లను తామే పూడ్చుకొనుచుండిరి. దోనెను బోర్లించి పరీక్షించిన చేతికి సైకిలును తలక్రిందులుగా నిలిపి పరీక్షించుట కొత్తపని గాదు.

చరిత్ర

1817లో జర్మనీ దేశీయుడగు కార్ల్ ఫన్ డ్రైస్ నేలను కాళ్లతో తన్నుచు నడుపు ద్విచక్రమును నిర్మించెను. 1860 దశకమున ఫ్రాన్సునందు ముందుచక్రమునకు పెడలులు అమరినవి. 1880లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు గొలుసును, 1885లో జాన్ కెంప్ స్టార్లీ వెలువరించిన రోవరు బండియు, 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ పేటెంటు పొందిన గాలిటైరును కలిసి నేటి సైకిలునకు రూపమిచ్చినవి. ఆ పిమ్మట ఆకృతి మౌలికముగా మారలేదు. కనుకనే నూరేండ్ల క్రిందటి మరమ్మతు విధానము నేటికిని పనికివచ్చుచున్నది. విమానమును తొలుత ఎగురవేసిన రైటు సోదరులు 1892లో అమెరికాలోని డేటన్ పట్టణమున తెరచినది సైకిళ్ల దుకాణమే యనుట ఈ విద్యయొక్క గౌరవమును తెలుపును.

భారతదేశమున తొలుత ఇంగ్లండునుండి బండ్లు దిగుమతి యగుచుండెను. స్వాతంత్ర్యానంతరము మద్రాసు సమీపమున అంబత్తూరునందు టి.ఐ. సైకిల్సు సంస్థ 1949లో స్థాపితమై హెర్క్యులీస్ బండ్లను తయారుచేసెను. 1951లో సోనేపటునందు అట్లాసు, 1956లో లూధియానాయందు హీరో సంస్థలు వెలసినవి. వీని బండ్లలో ముఖ్యభాగముల కొలతలు ఇంగ్లీషు ప్రమాణములనే అనుసరించుటచే ఒక కంపెనీ బండికి మరియొక కంపెనీ విడిభాగము తరచుగా సరిపోవును. ఏలూరులో కొన్న ఇరుసు కోను పల్లెటూరిలోని పాతబండికి పట్టుటకు కారణమిదియే. ఇంటి మరమ్మతు సాధ్యమగుటకును ఇదియే పునాది.

ఈ సీమ బ్రతుకుతెరువులలో సైకిలు పాలు, చేపలు, గడ్డిమోపులు, ధాన్యపు బస్తాలు మోసినది, బడిపిల్లలను మోసినది. బాలికలకు ఉచితముగా సైకిళ్లనిచ్చిన 'బడికొస్తా' ప్రభుత్వపథకము తరువాత కడ్డీబ్రేకులకు మారుగా తీగబ్రేకులుగల తేలిక బండ్లును పల్లెలందు విరివియైనవి.

నిర్మాణము

ఇచ్చటి పెద్దబండి టైరు కొలత 28 × 1½ అంగుళములు. ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 చువ్వలుండుట పాత ఇంగ్లీషు సంప్రదాయము. బరువు వెనుక అధికము గావున చువ్వలును వెనుక అధికము. ఇరుసుల యందు ఉక్కుగోళీలు కప్పునకును కోనునకును నడుమ దొరలుచుండును. సాధారణముగా ముందు ఇరుసున 3/16 అంగుళపు గోళీలు ప్రక్కకు 10 చొప్పునను, వెనుక ఇరుసున ¼ అంగుళపు గోళీలు ప్రక్కకు 9 చొప్పునను, పెడలుల నడిమి ఇరుసున ¼ అంగుళపువి ప్రక్కకు 11 చొప్పునను అమరును. గొలుసు కణుపు పొడవు ½ అంగుళము, లోవెడల్పు ⅛ అంగుళము.

మరలు కుడివైపునకు త్రిప్పిన బిగియును, ఎడమవైపునకు త్రిప్పిన వదులగును అను సామాన్యనియమమునకు సైకిలునందు రెండు ముఖ్యములైన అపవాదములు కలవు. ఎడమ పెడలు మర తిరుగుడు మర. పెడలు త్రొక్కునప్పుడు తనంతట ఊడిపోకుండుటకు అట్లు చేయబడినది. నడిమి ఇరుసు యొక్క కుడికప్పు మరయు అట్లే తిరుగుడుది. ఈ విషయమెరుగక బలముకొలది పాన త్రిప్పి మరలు పాడుచేసికొన్నవారు ప్రతి యూరను కలరు.

పనిముట్లు

ఇంటి మరమ్మతునకు కావలసిన సామగ్రి ఒక చిన్న రేకుపెట్టెలో ఇముడును. రెండు కొనలయందును వివిధ ప్రమాణముల రంధ్రములుగల డంబెల్ పాన, ఒక సర్దుబాటు పాన, కోనులకు పలుచని పాన, స్క్రూడ్రైవరు, సుత్తి, ఆకురాయి, గాలిపంపు, రెండు టైరు లీవర్లు, చువ్వల నిపిళ్లు త్రిప్పు తాళము, ఉప్పుకాగితము, సొల్యూషను ట్యూబు, గ్రీజు, యంత్రపు నూనె, కిరసనాయిలు, పాతగుడ్డలు అవసరములు. లీవర్లకు బదులు గరిటెకాడలు వాడు అలవాటు కలదు గాని వాని అంచులు పదునుగానున్న యెడల ట్యూబు కోసికొనిపోవును. అన్నింటికంటె ముఖ్యమైనది పాత వార్తాపత్రిక: విప్పిన భాగములను విప్పిన వరుసనే దానిమీద ఎడమనుండి కుడికి పేర్చుచు పోయినచో, బిగించునప్పుడు కుడినుండి ఎడమకు తీసికొనిన చాలును. క్రొత్తగా నేర్చువాడు చెడగొట్టుట సాధారణముగా విప్పునప్పుడు గాదు, వరుస మరచి బిగించునప్పుడు.

పంక్చరు

గాలి పోయిన బండిని చూచినతోడనే టైరు ఊడదీయరాదు. తొలుత వాల్వును పరీక్షింపవలెను. మన బండ్ల వాల్వులో నొక చిన్న రబ్బరు గొట్టము ఉండును. దీనిని జనులు వాల్‌ట్యూబు అందురు. ఎండకును కాలమునకును ఇది చీలిపోయినచో ట్యూబు నిక్షేపముగానున్నను రాత్రి కొట్టిన గాలి తెల్లవారునప్పటికి పోవును. వాల్వు మూతిపై తడివ్రేలితో కొంచెము ఉమ్మి యుంచి బుడగ వచ్చునేమో చూచుట పాతకాలపు పరీక్ష. అతిస్వల్పమైన ఖర్చుతో పోవు దోషమును ఇది పట్టియిచ్చును.

వాల్వు నిర్దోషమని తేలిన పిమ్మట బండిని తలక్రిందులుగా నిలిపి, టైరు ఒక అంచును మాత్రమే రిమ్మునుండి తప్పించి, ట్యూబును వెలికి దీసి, కొంచెము గాలికొట్టి, నీళ్లబేసినులో అంగుళము అంగుళముగా ముంచుచు పోవలెను. బుడగ వచ్చిన చోటు గుర్తుపెట్టి, ట్యూబును ప్రక్కనుంచి, ఆ స్థానమునకు సరియగు టైరు లోపలి భాగమును దూదితో తడుముట మరువరాదు. తుమ్మముల్లు కొన టైరులో విరిగి నిలిచియున్నచో దూది దానికి చిక్కును. దానిని తీయక అతుకు వేసినచో ఆ అతుకు ఊరిపొలిమేర దాటదు. రంధ్రము ట్యూబు లోపలివైపున, అనగా రిమ్మువైపున ఉన్నచో అపరాధి ముల్లు గాదు, రిమ్ములో పైకి పొడుచుకొనివచ్చిన చువ్వమొన. ఆకురాయితో దానిని సమముచేసి రిమ్ముపట్టీ సవరింపవలెను.

రంధ్రము చుట్టును ఉప్పుకాగితముతో రుద్ది గరకు చేసి, సొల్యూషను పలుచగా పూసి, తడి ఆరి వ్రేలికి జిగురు తెలియునంతవరకు వేచియుండుటయే అతుకు వేయుటలోని రహస్యము. సొల్యూషననగా రబ్బరు కరగిన పెట్రోలియము ద్రావకము. ఆ ద్రావకము ఆవిరియై పోయిన పిమ్మటనే రబ్బరు రబ్బరును పట్టును. తొందరపడి తడిమీదనే అతికించినవాని అతుకు అంచులు లేచిపోవును. పాత ట్యూబునుండి కత్తిరించిన ముక్కను వాడునప్పుడు దానినిగూడ రుద్ది, దానికిని సొల్యూషను పూసి ఆరనీయవలెను. మూలలు గుండ్రముగా నుండవలెను, ఏలయన కోణముగల అతుకు ఆ కోణమువద్దనే లేచును. అతుకు అంటిన తరువాత పౌడరు చల్లినచో ట్యూబు టైరునకు అంటుకొనదు. ఈ ద్రావకము నిప్పునకు త్వరితముగా అంటుకొనునది గనుక పొయ్యిదగ్గర ఈ పని చేయరాదు.

ఇరుసులు

ఇరుసులోని గోళీలు కనబడవు గనుకనే మరువబడును. చక్రమును పట్టి ఇటునటు ఊపినప్పుడు కదలిక తెలిసినను, చక్రము తిరుగునప్పుడు కరకరమని ఇసుక నలిగిన చప్పుడైనను ఇరుసు విప్పవలసిన కాలము వచ్చెనని యెరుగవలెను. ఒకవైపు తాళపునట్టు వదులుచేసి, కోనును విప్పి, ఇరుసును లాగునప్పుడు క్రింద పళ్లెము పెట్టుకొనవలెను. లేనిచో గోళీలు నలుదిక్కులకు దొర్లును. వానిని లెక్కించి, కిరసనాయిలులో కడిగి, గుడ్డమీద దొర్లించి చూచినచో గుంటలు పడినవి బయల్పడును. ఒక్క గోళీ పాడైనను ఆ ప్రక్కవి అన్నియు మార్చుటయే మేలు: క్రొత్తదొకటి పాతవానికంటె వెండ్రుకవాసి పెద్దదైనను బరువంతయు దానిమీదనే పడి కోను పగులును. కోను ముఖమున గాడి పడియున్నచో కోను మార్చవలెను.

కప్పులో గ్రీజు నింపి గోళీలను అందులో గ్రుచ్చినట్లు అమర్చి, ఇరుసు దూర్చి, కోనును ఊగులాట పోవువరకు మాత్రమే బిగింపవలెను. ముందుచక్రము సరిగా అమరినదో లేదో తెలిసికొనుటకు ఒక చక్కని పరీక్ష కలదు: చక్రమును నేలనుండి పైకెత్తి విడిచినచో వాల్వు బరువునకే అది మెల్లగా తిరిగి, వాల్వు అడుగునకు వచ్చి నిలువవలెను. నిలువక మధ్యలో ఆగినచో కోను బిగువధికము. నిలిచిన తరువాత రిమ్ము ఊగినచో బిగువు చాలదు.

గ్రీజునకు బదులు ఇంటిలోని నూనెలు వాడుట పొరపాటు. ఆముదము గాలికి క్రమముగా జిగురెక్కును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియసు వేడిమికి దిగువన గడ్డకట్టును గనుక పుష్యమాసపు చలివేకువలలో పాలవాని బండి బరువెక్కుటకు అది కారణము కావచ్చును.

చువ్వలు

రిమ్ము వంకర తీయుటను ఇచ్చట బెండుతీయుట యందురు. బండిని తలక్రిందులుగా నిలిపి, చక్రము త్రిప్పుచు, రిమ్ము ప్రక్కగా సుద్దముక్కను నిలిపినచో వంకరయైనచోట గీత పడును. రిమ్ము కుడికి ఒరిగినచో అచ్చట ఇరుసు ఎడమ అంచునుండి వచ్చు చువ్వలను బిగించి, కుడియంచు చువ్వలను వదులుచేయవలెను. ప్రతిసారియు నిపిలును పాతిక చుట్టునకు మించి త్రిప్పరాదు. చువ్వలను వ్రేలితో మీటుచు పోయినచో వీణ తంత్రులవలె సరియైనవి ఒక్కశ్రుతి పలుకును. వదులైనది మందముగా మ్రోగును. ఒక చువ్వ విరిగిన దినముననే మార్చుట శ్రేయస్కరము, ఏలయన దాని భారమును పొరుగు చువ్వలు మోయవలసివచ్చి అవియు విరుగుట మొదలిడును.

గొలుసు, క్రాంకులు

గొలుసు సాగినదని లోకోక్తి; నిజమునకు సాగునది ఉక్కు గాదు, ప్రతి కణుపునందలి సీల అరిగి సందు పెరుగుచున్నది. క్రొత్తగొలుసున 24 కణుపులు సరిగా 12 అంగుళములుండును. అదే పరిమాణము 12⅛ అంగుళములైనప్పుడు గొలుసును మార్చవలెను. మార్చనిచో అది పండ్లచక్రములనుగూడ తనతోపాటు అరుగదీయును. గొలుసు కలుపు లంకెయొక్క స్ప్రింగు క్లిప్పు మూసియున్న కొన గొలుసు పోవు దిక్కునకు ఉండవలెనన్న నియమమును మరచినచో నడిబాటలో గొలుసు ఊడును. నూనె సీలల లోపలికి పోవలసినదే గాని పైపైని నిలువగూడదు. పైని మిగిలిన నూనె గట్లమీది దుమ్మును పట్టి నూరుడుపిండిగా మారును. కావున నూనె వేసి, కొంతసేపు త్రిప్పి, పొడిగుడ్డతో తుడువవలెను.

పెడలు త్రొక్కినప్పుడు చుట్టున కొకమారు టక్కుమని చప్పుడైనచో క్రాంకును పట్టియుంచు కాటరుపిన్ను వదులైనదని గ్రహింపవలెను. క్రాంకు క్రింద కొయ్యదిమ్మ ఆనించి కొట్టినగాని పిన్ను దిగదు. ఆసరా లేక కొట్టిన దెబ్బ గోళీలమీద పడి కప్పులకు గుంటలు చేయును. రెండు క్రాంకుల పిన్నులును ఒకదానికొకటి వ్యతిరేకదిశల నుండవలెను, లేనిచో పెడలులు ఒక్కసరళరేఖకు రావు. క్రొత్తపిన్ను వేసిన తరువాత కొలది మైళ్లు నడిపి నట్టును మరల బిగింపవలెను.

బ్రేకులు

కడ్డీబ్రేకులు రిమ్ము అడుగు వైపును ఒత్తి పట్టును. రబ్బరుకట్టలకు రిమ్మునకు నడుమ సుమారు 3 మిల్లీమీటర్ల సందు చాలును. తడిసిన ఉక్కురిమ్మున బ్రేకు పట్టు మిక్కిలి తగ్గును గనుక వానలో నడుపువాడు ఆగవలసిన చోటునకు ముందుగనే తేలికగా నొక్కి నీటిని తుడిచిపెట్టి, పిమ్మట గట్టిగా పట్టవలెను. కట్టల రబ్బరులో చిక్కుకొన్న ఇసుకరేణువులను మొనతో గెల్లివేయనిచో అవి రిమ్ముపూతను గీచి తుప్పునకు దారి తీయును.

ముంపునకు గురియైన బండి

2024 సెప్టెంబరులో బుడమేటి వరద విజయవాడను ముంచినప్పుడువలె, వాగు పొంగిన యేటనెల్ల ఎన్నియో సైకిళ్లు దినములతరబడి నీటిలో నిలుచును. నీరు దిగిన పిమ్మట బండి పైకి బాగుగనే కనబడును. యజమాని దానిని తుడిచి వాడుకొనును. కాని నీరు ఇరుసులలోను, చట్రపు గొట్టములలోను నిలిచియుండును. వారము పదిదినములలో గ్రీజు తెల్లని మజ్జిగవలె మారి, గోళీలు తుప్పుపట్టి, ఇరుసు పాడగును. నష్టము ముంపువలన కంటె ముంపు తరువాతి జాప్యమువలన అధికము.

కావున క్రమమిట్లుండవలెను. ముందుగా మంచినీటితో బురదను మెత్తబరచి కడుగవలెను. ఎండిన రేగడిని గీచిన రంగు పోవును. సీటుగొట్టము ఊడదీసి బండిని బోర్లించి గొట్టములలోని నీటిని కార్చి, ఒకదినము నీడలో ఆరనీయవలెను. తరువాత రెండు ఇరుసులు, నడిమి ఇరుసు, హాండిలు గోళీలు, పెడలులు విప్పి పాత గ్రీజును పూర్తిగా తీసివేయవలెను. ఫ్రీవీలును విప్పుట కష్టము గనుక కిరసనాయిలులో నానబెట్టి త్రిప్పి, ఆరిన పిదప నూనె వేసిన చాలును. టైరు తీసి రిమ్ము లోపలను, నిపిళ్ల మొదళ్లను చూచి నూనె చుక్కలు వేయవలెను. తోలుసీటును ఎండలో పెట్టరాదు. నీడలో ఆరినగాని అది ఆకృతి నిలుపుకొనదు.

చేపలబండికి ఇట్టి ముంపు ప్రతిదినమును కలుగునని చెప్పవచ్చును. క్యారియరుమీది గంపనుండి కారు మంచునీరు వెనుక ఇరుసుమీదను, చువ్వలమీదను పడుచుండును. గంపక్రింద రబ్బరుషీటు పరచి అంచును ఒకవైపు వంచి నీరు ప్రక్కకు పోవునట్లు చేసిన బండి, అట్లు చేయని బండికంటె తుప్పునకు చాల ఆలస్యముగ లొంగును.

మెరుగుదలలు

బరువు మోయుటకు బండిని అనువుపరచుట ఈ సీమ మెరుగుదలలలో మొదటిది. వెనుకచక్రమునకు సుమారు 2 మిల్లీమీటర్ల సామాన్య చువ్వలకు బదులు లావుపాటివి వేయుట, క్యారియరుకు అదనపు ఊతకడ్డీలు బిగించుట, వెడల్పైన రెండుకాళ్ల స్టాండు అమర్చుట ఇందులో చేరును. రేగడి నేలలలో మడ్గార్డును టైరునుండి కొంచెము ఎత్తున బిగించుట బంకమన్ను గట్టిపడుటను ఆలస్యము చేయును.

పండ్లచక్రముల మార్పు తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చును. ముందు 44 పండ్లు, వెనుక 18 పండ్లుగల బండి పెడలు ఒకచుట్టు తిరిగినప్పుడు సుమారు 5.46 మీటర్లు పోవును. వెనుక 20 పండ్ల ఫ్రీవీలు వేసినచో 4.91 మీటర్లే పోవును గాని, త్రొక్కుటకు వలయు బలము సుమారు పదవవంతు తగ్గును. ఇది సమతలప్రాంతమే గదా యని కొందరందురు. బస్తాతో కాలువగట్టు ఎక్కినవాడు అట్లనడు.

టైరునకు ఒరయు 6 వోల్టుల డైనమో దీపమునకు మారుగా బ్యాటరీతో వెలుగు ఎల్.ఇ.డి. దీపము పెట్టుకొన్నచో త్రొక్కుడు తేలికయగును, ఆగినప్పుడు వెలుగు ఆరదు. విద్యుత్ మోటారు అమర్చుట నేటి మెరుగుదల. 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్లు మించని బండ్లు భారతదేశపు నియమములందు మోటారు వాహనములుగా పరిగణింపబడవు. అయినను పాత కడ్డీబ్రేకుల బండికి మోటారు తగిలించుట వివేకము గాదు. వేగమును పెంచకమునుపు ఆగు శక్తిని పెంచుకొనవలెను.

సజాతీయ వాహనములు

1970 దశకమున కాలిఫోర్నియాలోని మరీన్ ప్రాంతపు యువకులు పాతబండ్లకు లావుటైర్లు, బలమైన బ్రేకులు తామే అమర్చుకొని కొండలు దిగుటనుండి మౌంటెన్ బైకు పుట్టినది. అది తొలుత గృహమరమ్మతు ఫలమే. 1990 దశకపు తొలియేండ్లలో అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాలయందు ఇంచుమించు ఏకకాలమున వెలసిన మౌంటెన్ బోర్డు నిలువబడి నడుపు పలక. దానికి పాదములను పట్టు పట్టీలు, ఒరిగినవైపునకు మళ్లించు ఇరుసుదండములు, నాలుగు చిన్న గాలిటైర్లు ఉండును. మూతవేసిన బేరింగులు వాడుటచే దానియందు గోళీలను విడిగా లెక్కింపనక్కరలేదు. పాడైనచో బేరింగునే తీసి మరియొకటి నొక్కి పెట్టుదురు. తక్కిన దంతయు మనకు పరిచితమే: ట్యూబునకు అతుకు, ఇరుసుచివరి నట్టునకు తగినంత బిగువు, పలకకు బీటలున్నవేమోయను పరీక్ష, బురదలో నడిపిన వెంటనే శుభ్రము. పెదపాడులో పంక్చరు వేయనేర్చినవాడు కొలరాడో కొండలలో ఆ పలకనుగూడ బాగుచేయగలడు.

పరిమితులు

ఇంట చేయదగని పనులును కలవు. చట్రపు అతుకులవద్ద పగులు కనబడినచో, ముందు ఫోర్కు వంగినచో, హాండిలు దండము బీటవారినచో ఆ బండిని నడుపుట మాని అనుభవజ్ఞునికి చూపవలెను. సుత్తితో సరిచేసిన ఫోర్కు కొన్నాళ్లు పనిచేసినను, లోపల బలహీనమైన ఉక్కు ఒకనాడు హఠాత్తుగా విరుగును. అప్పుడు పడువాడు ముఖముమీదనే పడును. చట్రపు గొట్టములు ఇత్తడితో అతుకబడినవి గనుక వానిని మరల వేడిచేయు పని కొలిమి తెలిసినవాడే చేయవలెను. దుకాణమునకును ఇంటి మరమ్మతునకును వైరము లేదు: ఇంటివాడు దోషమును సకాలమున కనిపెట్టినచో దుకాణమువానికి బాగుచేయుటకు బండి మిగిలియుండును.

ఈ సీమ వ్యవసాయదారుడు ఏరువాకకు ముందు నాగలిని చూచుకొన్నట్లే, ఏటికి రెండుమారులు, అనగా తొలకరికి ముందొకమారును, సార్వా పంట ఇంటికి వచ్చిన తరువాత నొకమారును సైకిలు ఇరుసులు విప్పి గ్రీజు మార్చుట ఉత్తమము. ఒక పూట పనికి, కొలది రూపాయల గ్రీజునకు మించి ఇందుకు వ్యయము లేదు. మృగశిరకు ముందు గ్రీజు మార్చిన బండి, వరదనీట మునగకున్నచో, సంక్రాంతివరకు మరల పానను కోరుట అరుదు.